అరగవలసిన చోటు

వెనక చక్రానికి కూడా సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైకుకు చట్రం ఒకే ముక్క కాదు. తొక్కేవాడి బరువు మోసే ముందు త్రికోణం ఒకటి, వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేతులు మరొకటి. ఈ రెండింటినీ కలిపేవి కీళ్లు. మెకానిక్కుల మాటలో పివట్లు. ఒక్కో పివట్‌లో సాధారణంగా రెండేసి బాల్ బేరింగులు ఉంటాయి. కుదుపును మింగే షాక్ అబ్జార్బరుకు రెండు కొసల్లో రెండు కన్నాలు. వాటిలో బుష్షులు, బుష్షుల్లో దూరిన పిన్నులు, పిన్నులకు అటూ ఇటూ స్పేసర్లు, వీటన్నిటి గుండా పోయే బోల్టులు. ఈ చిల్లర సామానంతా పోగేస్తే ఒక దోసిట్లో పడుతుంది. బండి ధరలో దీని వాటా చెప్పుకోదగ్గది కాదు. అయినా సస్పెన్షన్‌లో అరగడమనే పని చాలామటుకు దీనిదే. చట్రం అరగకూడదు, షాక్ అరగకూడదు. అందుకని బండిని రూపొందించినవాడు అరుగుదలకు విడిగా ఒక చోటు చూపించి, అక్కడ మార్చడానికి వీలైన ముక్కను పెట్టాడు. ఆ ముక్కను సమయానికి తీసి కొత్తది వేయడం వాడేవాడి వంతు.

ఎడ్లబండి కట్టిన వడ్రంగికి ఈ సంగతి బాగా తెలుసు. చక్రం నడుమ ఉన్న కర్ర దిమ్మలో ఇనప గొట్టం దిగేసేవాడు. చక్రం తిరిగేటప్పుడు ఇరుసుతో రాసుకునేది ఆ గొట్టమే గాని కర్ర కాదు. కందెన పెడుతున్నన్నాళ్లూ గొట్టం నిదానంగా అరుగుతుంది. మరీ వదులైతే గొట్టం మారుతుంది, చక్రం మిగులుతుంది. షాక్ కన్నంలోని బుష్షు చేసే పనీ ఇదే; లోహం మారింది, కొలత చిన్నదైంది.

కీలు లేని బండికి ఈ బాధ లేదు. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు కొండల మీంచి దూకించిన సైకిళ్లకు సస్పెన్షన్ అనేదే లేదు. ష్విన్ ఎక్సెల్సియర్ లాంటి పాత, బరువైన, లావు టైర్ల బళ్లు అవి. పెడలు వెనక్కి తొక్కితే పట్టే కోస్టర్ బ్రేకు ఉండేది. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర ఒక మట్టిరోడ్డు మీద మొదలైన రీప్యాక్ పందెంలో మూడున్నర కిలోమీటర్ల లోపే సుమారు 400 మీటర్ల ఎత్తు దిగాలి. కిందికి చేరేసరికి బ్రేకు హబ్బులోని గ్రీజు కాలి పొగైపోయేది. హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరితే తప్ప మళ్లీ పైకెక్కి లాభం లేదు. చార్లీ కెల్లీ, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ ఆ పందెంలో ఆరితేరినవాళ్లే. జో బ్రీజ్ 1977లో కొండదారుల కోసమే ప్రత్యేకంగా చట్రం కట్టాడు. అదీ కదలని చట్రమే. రాళ్ల దెబ్బలన్నీ తొక్కేవాడి మోచేతులూ మోకాళ్లూ తిన్నాయి.

ఆ దెబ్బల్ని బండి మీదికి మళ్లించాలన్న ప్రయత్నాలకు 1989లో పాల్ టర్నర్ మొదలుపెట్టిన రాక్‌షాక్స్ కంపెనీతో ఊపు వచ్చింది. మోటారు సైకిలు ఫోర్కు పనితనాన్ని అతను సైకిలు మోయగలిగినంత తేలిక చేశాడు. 1990లో కొలరాడో రాష్ట్రంలోని డురాంగోలో మౌంటెన్ బైకు మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. డౌన్‌హిల్ గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్, క్రాస్ కంట్రీ గెలిచిన నెడ్ ఓవరెండ్ ఇద్దరి బళ్లకూ ముందు రాక్‌షాక్స్ ఫోర్కులే. వెనక చక్రం సంగతి అంతకన్నా చిక్కు. ఆస్ట్రియాలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన హోర్స్ట్ లైట్నర్ వెనక ఇరుసుకు కాస్త ముందు, గొలుసు పక్కన సాగే కింది కడ్డీ మీద, అంటే చైన్‌స్టే మీద, ఒక కీలు పెట్టాడు. దాంతో బ్రేకు వేసినప్పుడు వెనక సస్పెన్షన్ బిగుసుకుపోవడం బాగా తగ్గింది. ఆ పేటెంటును 1998లో స్పెషలైజ్డ్ కంపెనీ కొనుక్కుంది. ఇలాంటి నాలుగు కడ్డీల అమరికలో ఎనిమిది నుంచి పన్నెండు దాకా బేరింగులు ఉండటం మామూలు. సుఖం పెరిగిన కొద్దీ కీళ్లు పెరిగాయి, కీళ్లతో పాటే అరిగే చోట్లూ పెరిగాయి.

బాల్ బేరింగుకూ సైకిలుకూ పాత బంధుత్వం. పారిస్ సైకిల్ మెకానిక్కు జూల్ సురిరే 1869లో సైకిలు చక్రానికి బాల్ బేరింగు పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది నవంబరులో పారిస్ నుంచి రువాన్ దాకా సాగిన 123 కిలోమీటర్ల పందెంలో గెలిచిన జేమ్స్ మూర్ బండికి అలాంటి బేరింగులే ఉన్నాయి. గోళీ దొర్లాలి, దొర్లుతూ గ్రీజును తనతో తిప్పుకోవాలి. బేరింగు బలమంతా అందులోనే ఉంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయే బండి చక్రం నిమిషానికి సుమారు 180 సార్లు తిరుగుతుంది. హబ్బులోని ప్రతి గోళీ తన దారంతా చుట్టి వస్తుంది. ఒకచోట పడిన బరువు మరుక్షణం వేరే చోట పడుతుంది. ఎక్కడ గ్రీజు పక్కకు తొలగినా, వెనక వచ్చే గోళీ దాన్ని మళ్లీ పూసిపోతుంది.

పివట్‌లోని బేరింగుకు ఆ భాగ్యం లేదు. చక్రం అడుగు నుంచి అంచు దాకా ఎంత ఎగిరినా పివట్ తిరిగేది కొద్ది డిగ్రీలే. బండి జీవితకాలమంతా గడిచినా ఆ బేరింగు ఒక్క పూర్తి చుట్టు కూడా తిరగదు. గోళీలు ఉన్నచోటనే ముందుకూ వెనక్కీ తూగుతుంటాయి. ఎప్పుడూ అదే గోళీ కింద, అదే చుక్క మీద బరువు. అక్కడి గ్రీజు పక్కలకు జరిగిపోతే తిరిగి తెచ్చే దారి లేదు. అప్పుడు గోళీ, అది దొర్లే గాడి నేరుగా ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. కంటికి కనబడని లోహపు పొడి రాలుతుంది. పొడి తుప్పుపట్టి ఎర్రబారి, తనే ఒక సానపొడిగా మారి గాడిని ఇంకా తింటుంది. గోళీలున్న చోటల్లా చిన్న చిన్న గుంటలు పడతాయి. తరవాత పివట్‌ను చేత్తో ఆడిస్తే మెత్తగా కదలదు. ఒక గుంట లోంచి ఇంకో గుంటలోకి పడుతున్నట్టు తడుముకుంటుంది.

ఇది సైకిలుకే పరిమితమైన జబ్బు కాదు. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జె. ఓ. ఆల్మెన్ 1937లోనే దీని గురించి రాశాడు. రైలెక్కించి దూర ప్రాంతాలకు పంపిన కొత్త కార్ల చక్రపు బేరింగులు, ఎవరూ నడపకముందే పాడై ఉండేవి. దారి పొడవునా కుదుపులకు కారు అల్లాడేది గాని చక్రం తిరిగేది కాదు. దూరం పెరిగితే నష్టం పెరిగేది. ఏ కాలంలో పంపారన్నది కూడా నష్టాన్ని మార్చేది. మౌంటెన్ బైకు పివట్ తన జీవితమంతా ఆ ప్రయాణంలోనే ఉంటుంది. అందుకే పివట్ బేరింగు పోయిందంటే తయారీలో లోపమనుకోవడం తొందరపాటు. ఎంత మంచి కంపెనీ బేరింగైనా ఆ చోట పెడితే ఆ చావే చస్తుంది. తేడా అల్లా ఎన్నాళ్లకన్నదే.

ఎన్నాళ్లకన్నది కొంతవరకు ఎంపికను బట్టి ఉంటుంది. మామూలు బేరింగులో గోళీల మధ్య దూరం కాపాడటానికి ఒక పంజరం ఉంటుంది. వేగంగా తిరిగే చోట అది తప్పనిసరి. పివట్‌కు వేగమే లేదు కాబట్టి పంజరం తీసేసి, ఆ ఖాళీలో కూడా గోళీలు నింపిన బేరింగులు దొరుకుతాయి. గోళీలు ఎక్కువైతే ఒక్కోదాని మీద పడే బరువు తగ్గుతుంది. గ్రీజు విషయంలోనూ అంతే. వేగంగా తిరిగే బేరింగులో గ్రీజు నిండా కూరితే వేడెక్కుతుంది కనక తయారీదారులు సగం కూడా నింపరు. పివట్‌కు వేడి బెడద లేదు. కొత్త బేరింగు రబ్బరు సీలును సన్నని సూది మొనతో జాగ్రత్తగా ఎత్తి, నీటికి కరగని చిక్కని గ్రీజు నిండా పెట్టి, సీలు మళ్లీ మూస్తే నీరు చొరబడటానికి చోటే మిగలదు. అధిక వేగాల కోసం అతి సూక్ష్మంగా తీర్చిన ఖరీదైన బేరింగులకు ఇక్కడ డబ్బు పోయడం దండగ. ఆ సూక్ష్మత అక్కరకు వచ్చే పని పివట్ ఎన్నడూ చేయదు.

షాక్ కన్నంలో గోళీలు లేని బుష్షు ఎందుకు పెట్టారన్నది ఇక్కడే తేటపడుతుంది. వెనక చక్రం 150 మిల్లీమీటర్లు కదిలే బండిలో షాక్ 60 మిల్లీమీటర్లే కుదించుకుంటుందనుకుంటే, ఆ రెండింటి నిష్పత్తి రెండున్నర. కదలిక రెండున్నర వంతులు తగ్గిన చోట బలం రెండున్నర వంతులు పెరుగుతుంది. వెనక చక్రం మీద 50 కిలోల బరువు పడితే షాక్ కన్నం మీద పడేది 125 కిలోలు. గట్టు మీంచి దూకితే దానికి ఎన్నో రెట్లు. పైగా షాక్ కన్నం తిరిగేదీ కొద్ది డిగ్రీలే. గోళీ గాడిని తాకేది ఒక చుక్క దగ్గర. బుష్షు పిన్నును తాకేది వెడల్పాటి వంపు అంతటా. బరువు ఎక్కువై కదలిక తక్కువైన చోట చుక్క కన్నా వెడల్పే మేలు. షాక్ కన్నం బాగా తిరిగే అమరికల్లో సన్నని కడ్డీలున్న నీడిల్ బేరింగు హాయిగా పనిచేస్తుంది గాని, తిరుగుడు తక్కువైన చోట అదీ గుంటలు పడి పోతుంది. అన్ని బళ్లకూ నీడిల్ బేరింగే గొప్పదని చెప్పే మాట నమ్మదగింది కాదు.

ఆ బుష్షు చూడటానికి ఒక చిన్న రేకు చుట్ట. దాని లోపల ఉన్న పనితనం మాత్రం మెచ్చుకోదగ్గది. 1950ల్లో బ్రిటన్‌లోని గ్లేసియర్ మెటల్ కంపెనీ తీసుకొచ్చిన డీయూ రకం బుష్షుకు మూడు పొరలు. వెనక ఉక్కు, దాని మీద సూక్ష్మ రంధ్రాలతో నిండిన కంచు, ఆ రంధ్రాల్లోకి ఇంకి పైన కూడా సన్నగా పరుచుకున్న టెఫ్లాన్, సీసం మిశ్రమం. పిన్ను కదిలిన కొద్దీ టెఫ్లాన్ కొంచెం కొంచెంగా పిన్ను మీదికి పాకి పూతలా అంటుకుంటుంది. అక్కణ్ణించి టెఫ్లాన్ మీద టెఫ్లానే జారుతుంది. గ్రీజు లేకుండా పొడిగానే ఏళ్ల తరబడి పనిచేయడం దీనివల్లే. పై పూత అరిగితే కంచులో ఇంకినది బయటికి వస్తుంది. కంచు రంగు అంతటా తేలిందంటే ఇక ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు. ఇప్పటి షాకుల్లో చాలావాటికి సీసం లేని బుష్షులు, పూర్తిగా ప్లాస్టిక్ జాతి పదార్థంతో చేసిన బుష్షులు వచ్చాయి. పద్ధతి మాత్రం అదే: మెత్తనిది అరిగి గట్టిదాన్ని కాపాడటం.

పిన్నుకూ బుష్షుకూ మధ్య సందు ఏర్పడితే మెకానిక్కులు ప్లే వచ్చిందంటారు. షాక్ కన్నం దగ్గర 0.3 మిల్లీమీటర్ల ప్లే చూపుకు ఆనదు. అదే నిష్పత్తి ప్రకారం వెనక చక్రం దగ్గర అది 0.75 మిల్లీమీటర్లవుతుంది. ప్రతి రాయి మీదా ఒక చిన్న టక్కుమన్న దెబ్బగా తొక్కేవాడి అరికాలికి అందుతుంది.

నీరూ దుమ్మూ ఈ అరుగుదలకు వేగం పెంచుతాయి. హైదరాబాదు చుట్టుపక్కల గుట్టల్లోనూ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లోనూ తొక్కేవాళ్లకు ఎండాకాలం ఎర్రమట్టి దుమ్ము, వానాకాలం బురద. రెండూ సీలు పెదవి దగ్గర చేరి గ్రీజుతో కలిసి సాన పట్టే ముద్దగా తయారవుతాయి. అయితే దారి చేసే హాని కన్నా ఇంటికొచ్చాక ప్రెషర్ వాషరుతో కడగడం చేసే హాని పెద్దది. బేరింగు సీలు పైనుంచి పడే చినుకును ఆపడానికి చేసింది. గురిపెట్టి కొట్టిన నీటిధారను ఆపలేదు. బురద బండిని బకెట్టు నీళ్లతో, మెత్తని కుంచెతో కడిగి ఆరబెట్టే అలవాటు ఎంత ఖరీదైన బేరింగూ ఇవ్వలేని ఆయుష్షును ఇస్తుంది.

అరిగిన ముక్కను మార్చకుండా తొక్కుతూ పోతే అరుగుదల అక్కడితో ఆగదు, పక్క భాగానికి పాకుతుంది. బేరింగులో గోళీలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయనుకుందాం. పివట్ మాత్రం తిరిగి తీరాలి, తొక్కేవాడి బరువు దాన్ని తిప్పుతుంది. లోపలి రింగు గోళీల మీద తిరగలేదు కనక పివట్ ఇరుసే ఆ రింగులో తిరగడం మొదలుపెడుతుంది. ఇరుసు అల్యూమినియంది, రింగు ఉక్కుది. కొన్నాళ్లకు ఇరుసు మీద గాడి పడుతుంది. ఇరుసు గట్టిగా పట్టుకుంటే బయటి రింగు చట్రంలోని గూట్లో తిరుగుతుంది. అది అన్నిటికన్నా చేటు. గుండ్రని గూడు కోలగా సాగిపోతుంది, ఆపైన ఏ కొత్త బేరింగూ అందులో నిలవదు. కార్బన్ చట్రానికి ఆ గాయం తగిలితే బాగుచేసేవాళ్లు అరుదు. బుష్షు కథా ఇలాంటిదే. పూత పోయి, ఉక్కు రేకు అరిగి, చివరికి పిన్ను షాక్ కన్నాన్నే కొరుకుతుంది. పివట్లు వదులై వెనక భాగం పక్కలకు ఊగితే షాక్ కడ్డీ మీద అడ్డబలం పడుతుంది. కడ్డీ నున్నని పూత గీసుకుపోయి, సీళ్ల నుంచి నూనె, గాలి కారతాయి. చిన్న ముక్క చేయాల్సిన త్యాగం పెద్ద ముక్క చేస్తుంది. మార్చడానికి వీల్లేని దాని మీదికి అరుగుదల చేరడమే అసలు నష్టం. ఆ నష్టం చాలావరకు చూడకపోవడం వల్ల జరిగేదే గాని తెలియకపోవడం వల్ల కాదు.

ఈ చిక్కుకు రూపకర్తలు రెండు దారులు వెతికారు. ఒకటి, కీలునే తీసేయడం. మూట్స్ కంపెనీ వైబీబీ చట్రం, క్యానన్‌డేల్ స్కాల్పెల్ ఈ దారిలోవి. వీటిలో వెనక చైన్‌స్టేలే కొద్దిగా వంగి కీలు పని చేస్తాయి. కదలిక కొద్దిపాటిదైతే ఇది చక్కని ఉపాయం. ఎక్కువ కదలిక కావాలంటే చాలదు. రెండో దారి, అరుగుదలను ఒప్పుకుని దానికి ఏర్పాట్లు చేయడం. శాంటాక్రూజ్ కంపెనీ తన బళ్ల కింది లింకుకు గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కించే రంధ్రాలు పెట్టింది. మొదటి యజమానికి పివట్ బేరింగులు ఎప్పుడు కావలసినా ఉచితంగా ఇస్తానంది. నిజాయితీ ఈ రెండో దారిలోనే ఎక్కువ. అరగదని ప్రకటించే కంపెనీ కన్నా, ఎక్కడ అరుగుతుందో చూపించి మార్చే వీలు చేతికిచ్చే కంపెనీని నమ్మవచ్చు.

ముక్క మార్చే ముందు, పోయింది ఏదో తేల్చుకోవాలి. సీటు పట్టుకుని బండిని మెల్లగా ఎత్తితే వెనక చక్రం నేల విడిచే ముందు ఒక చిన్న టక్కు వినిపిస్తుంది. అది ఎక్కణ్ణించి వస్తోందో చెప్పేది చెవి కాదు, వేలు. షాక్ కన్నం, చట్రం కలిసే అంచు మీద వేలు పెట్టి మళ్లీ ఎత్తితే సందు కదలడం తెలుస్తుంది. ఇక్కడ ఒక మోసం ఉంది. మీట నొక్కితే దిగే డ్రాపర్ సీటు గొట్టానికి సహజంగానే కొంత ప్లే ఉంటుంది కనక సీటుకు బదులు చట్రాన్నే పట్టి ఎత్తాలి. పక్కలకు ఊగే ప్లే కోసం ఒక చేత్తో చట్రాన్ని, ఇంకో చేత్తో వెనక టైరును పట్టి అటూ ఇటూ కదపాలి. చక్రం ఇరుసు బిగుతుగా ఉందా, హబ్బు బేరింగులు బాగున్నాయా అన్నది ముందే చూసుకోకపోతే నేరం పివట్ల మీద పడుతుంది. కిర్రుమనే శబ్దం ఇంకా పెద్ద మాయ. బోలు గొట్టాల చట్రం ఎక్కడి చప్పుణ్ణైనా ఇంకెక్కడో వినిపిస్తుంది. పెడళ్లు, సీటు కడ్డీలు, పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ చూడకుండా పివట్లన్నీ విప్పడం వృథా శ్రమ.

తుది పరీక్ష షాక్ విప్పి చేసేది. బండిని స్టాండుకు తగిలించి, వెనక చక్రం కింద ఆసరా పెట్టి, బోల్టుల మీద బరువు లేకుండా చేసుకోవాలి. బరువు మోస్తున్న బోల్టును లాగితే దాని మరలు, కన్నం మరలు రెండూ చెడతాయి. షాక్‌లో గాలి ఎంత ఉందో రాసుకోవాలి. స్పేసర్లు, వాషర్లు ఏ వరసలో ఏ వైపు తిరిగి ఉన్నాయో ఫోటో తీసుకోవాలి. ఒకే రకంగా కనబడే రెండు స్పేసర్ల మందం ఒక మిల్లీమీటరు తేడాగా ఉండటం అసాధారణం కాదు. బోల్టు మొరాయిస్తే, మరలు వదులవకుండా ఎప్పుడో రాసిన లాక్‌టైట్ జిగురు గట్టిపడి ఉండవచ్చు. కొద్దిగా వేడి చేస్తే వదులుతుంది, కార్బన్ దగ్గర మాత్రం ఆ వేడి అతి పొదుపుగా ఉండాలి. అరిగిన అలెన్ కీ కొత్త బోల్టు తలను కూడా పాడుచేస్తుంది. పనిముట్ల పెట్టెలో ముందు మార్చవలసింది అదే.

షాక్ లేని చట్రంలో వెనక భాగం తన బరువుకు తనే దిగాలి. చేత్తో పైకెత్తి దింపుతుంటే మొత్తం ప్రయాణంలో ఎక్కడా గరుకు, పట్టు తగలకూడదు. చక్రం చట్రానికి కొట్టుకునేంత పైకి మాత్రం ఎత్తకూడదు. ఈ పరీక్షలో చేతికి తెలిసేది ఏ పరికరమూ ఇంత సులువుగా చెప్పలేదు. షాక్ ఉన్నంతసేపూ దాని బిగువు పివట్ల లోపాలన్నిటినీ దాచిపెడుతుంది.

బుష్షు మార్చడానికి సుత్తి పనికిరాదు. చాలా షాకుల్లో బుష్షు లోపలి వ్యాసం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. బుష్షు అంచును తాకేంత వెడల్పుండి కన్నంలోంచి దూరిపోయే ముక్క ఒక వైపు, బయటికొచ్చే బుష్షును లోపల పట్టించుకునే గిన్నెలాంటి సాకెట్టు రెండో వైపు పెట్టి, బెంచి వైసులో నెమ్మదిగా బిగిస్తే పాతది జారిపోతుంది. దాని వెనకే కొత్తదాన్ని పెట్టి అదే ఒరవడిలో నొక్కి ఎక్కించవచ్చు. కొత్త బుష్షు తిన్నగా మొదలవడం ముఖ్యం. వంకరగా మొదలైన బుష్షు లోపలి పూత ముడత పడి మొదటిరోజే పాడవుతుంది. పిన్ను వేళ్లతో తిప్పితే గట్టిగా తిరగాలి, వదులుగా జారకూడదు. పాత పిన్ను మీద గీతలు, మచ్చలు ఉంటే దాన్ని కూడా మార్చి తీరాలి. గరుకు పిన్ను కొత్త బుష్షును ఆకురాయిలా తింటుంది. బుష్షు మార్చి పిన్ను మిగిల్చే పొదుపు పొదుపు కాదు.

బేరింగుల దగ్గర ముందు నంబరు చదవాలి. 6902 అని ఉంటే లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 28, మందం 7 మిల్లీమీటర్లు. 2ఆర్ఎస్ అని తోక ఉంటే రెండు పక్కలా రబ్బరు సీళ్లు. ఈ కొలతలు ప్రపంచమంతా ఒకటే కాబట్టి సైకిల్ కంపెనీ పొట్లంలోనే రావాలన్న నియమం లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి యంత్రసామగ్రి బజారులోని బేరింగుల దుకాణంలో ఆ నంబరు చెబితే చాలు. కొన్ని బళ్లలో లోపలి రింగు ఒక పక్కకు పొడుచుకొచ్చిన ప్రత్యేక బేరింగులు ఉంటాయి. వాటికి మాత్రం ఆ బండి సామానే తెప్పించుకోవాలి.

పాత బేరింగు తీయడానికి మర ఉన్న పొడవాటి కడ్డీ, సరైన కొలత బిళ్లలు ఉన్న పుల్లరు కావాలి. వెనక గోడ ఉన్న గూటికి లోపలి నుంచి విచ్చుకుని పట్టే పుల్లరు వేరే ఉంటుంది. బేరింగు వచ్చాక గూడును స్పిరిటుతో తుడిచి, పగుళ్లు, గీతలు చూడాలి. అల్యూమినియం గూటికి పలచగా గ్రీజు రాస్తే తుప్పు, చప్పుడు రెండూ తగ్గుతాయి. గూడు కొంచెం సాగి బేరింగు వేళ్లతో దిగిపోతుంటే గ్రీజుకు బదులు బేరింగును పట్టి ఉంచే లాక్‌టైట్ రకం జిగురు వాడాలి.

ఎక్కించేటప్పుడు మొత్తం పనిలో అతి ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. బేరింగు చట్రంలోకి పోతుంటే బలం బయటి రింగు మీదనే పడాలి. బేరింగులోకి ఇరుసు పోతుంటే లోపలి రింగు మీదనే పడాలి. తారుమారైతే బలమంతా గోళీల గుండా పోయి, అవి గాడిలోకి దిగబడి గుంటలు చేస్తాయి. స్వీడన్ ఇంజనీరు యోహన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో లోహం గట్టిదనం కొలవడానికి ఇదే పద్ధతి చూపించాడు: గట్టి గోళీని లోహంలోకి నొక్కి, పడిన గుంటను కొలవడం. బేరింగును తప్పు రింగు పట్టి నొక్కినవాడు కొత్త సామానుకు ఆ పరీక్ష పెట్టినట్టే. సంవత్సరాల అరుగుదల చేసే పనిని ఒక్క నిమిషంలో చేసేసి, బండిని కొత్త బేరింగుల పేరుతో దారికి పంపుతాడు. సుత్తితో కొట్టి ఎక్కించిన బేరింగుల్లో చాలావాటి గతి ఇదే. బయటి రింగుకు సరిగ్గా సరిపోయే బిళ్ల దొరక్కపోతే అంత వ్యాసమున్న పాత బేరింగునే బిళ్లగా వాడవచ్చు. అది గూట్లో ఇరుక్కోకుండా దాని బయటి అంచును కాస్త ఆకురాయి పట్టాలి.

బిగింపు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బోల్టులన్నీ ముందు వేళ్లతో ఎక్కించి, వెనక భాగాన్ని నాలుగుసార్లు ఆడించి, అన్నీ తమ చోటు వెతుక్కున్నాక ప్రధాన పివట్ నుంచి మొదలుపెట్టి టార్క్ రెంచితో బిగించాలి. ఎంత బిగించాలన్నది చాలా బోల్టుల తల మీదనే చెక్కి ఉంటుంది. లేకపోతే ఆ చట్రం తయారీదారు పట్టిక చూడాలి, ఇంకో బండి అంకె దీనికి వాడకూడదు. నీలం లాక్‌టైట్ మరల మీద ఒక చుక్క చాలు. బేరింగు మీదికి కారితే అదే దాన్ని బిగదీస్తుంది. షాక్ తిరిగి పెట్టాక గాలి తీసేసి వెనక చక్రాన్ని అడుగంటా నొక్కి, టైరు గాని కేబుల్ గాని ఎక్కడా తగలడం లేదని చూసుకుని, రాసుకున్న లెక్క ప్రకారం గాలి నింపాలి.

కొత్త బేరింగులు, బుష్షులు గూళ్లలో కుదురుకునేసరికి బోల్టులు కొంచెం వదులవుతాయి. అందుకని మొదటి రెండు మూడు సవారీల తరవాత ప్రతి బోల్టునూ మళ్లీ టార్క్ రెంచితో చూడాలి. ఆ తరవాత ఇన్ని కిలోమీటర్లకు ఒకసారి అని లెక్క కట్టడం కుదరదు. పొడి గుట్టల మీద తొక్కిన వెయ్యి కిలోమీటర్లు, బురదలో తొక్కిన వంద కిలోమీటర్లు పివట్‌కు ఒకటి కావు. మన దగ్గర వానాకాలం దాటిన వెంటనే చూడటం మంచిది. షాక్ విప్పి వెనక భాగాన్ని చేత్తో ఆడించడం అరగంట పని. చేతికి గరుకు తగిలిన పివట్‌కు కొత్త బేరింగులు వేయాలి; తగలని వాటికి సీలు ఎత్తి, పాత గ్రీజు తుడిచి, కొత్తది నింపాలి.